తాడు విప్పని పుస్తకాల కట్ట

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, జనపతాడుతో కట్టిన కాగితాల కట్ట కనిపిస్తే నేను ఇప్పటికీ చూపు తిప్పుకుంటాను. కిరాణా కొట్లో పాత పేపర్ల కట్ట అయినా సరే. నాలుగేళ్ల కిందట మా బడి బీరువాలో అలాంటి కట్ట ఒకటి మూడు నెలలు పడి ఉంది. దాన్ని విప్పాల్సింది నేను. విప్పలేదు.

మాది సూరత్‌లో తెలుగు పిల్లల బడి. మా సంఘం వాళ్లు నడుపుతారు. ఎనిమిదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే ఊరికి అటు చివర ఒక హైస్కూలులో తెలుగు సెక్షన్ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. మా పిల్లల్లో తొంభై పాళ్లు సాంచాల మీద బతికే ఇళ్ల నుంచి వస్తారు. మగవాళ్లు మరమగ్గం, అదే సాంచా, నడుపుతారు, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తారు. నేనూ ఆ ఇళ్లలోంచి వచ్చినదాన్నే. మా బాపు నన్ను మూడేళ్లప్పుడు కరీంనగర్ వైపు నుంచి ఎత్తుకొచ్చి, ఖటోదరాలో ముప్పై ఏళ్లు జకార్డు సాంచా నడిపాడు. నేను ఇక్కడే చదివి, ఇక్కడే లెక్కల టీచర్నయ్యాను. ఏటా వేసవిలో కాగితం మీద కొత్త సంతకం పడితేనే ఆ కొలువు ఉంటుంది. నాకు నోరు ఎక్కువ, ధైర్యం తక్కువ. క్లాసులో పులిలా తిరుగుతాను, హెడ్మాస్టరు గదిలోకి పోతే మాట పెగలదు.

ఆ ఏడు నన్ను అయిదో తరగతి నుంచి ఎనిమిదికి మార్చారు. జూన్ వచ్చింది గానీ ఈ రాష్ట్రం వాళ్లు తెలుగులో అచ్చువేసే లెక్కల పుస్తకాలు రాలేదు. ఎప్పుడొస్తాయో చెప్పే నాథుడు లేడు. నేను మేలో ఊరికి వెళ్లినప్పుడు మా అక్క కూతురు చదివేసిన ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం సంచీలో వేసుకుని వచ్చాను. తెలంగాణ పుస్తకం. విషయసూచిక చూస్తే అవే పాఠాలు, అవే పేర్లు. తెలుగు హాయిగా ఉంది. మన పిల్లలకు మన పుస్తకం చెబుతున్నానని నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి. ఫొటోకాపీలు తీయించి ఇరవై ఏడు మందికీ ఇచ్చాను.

తల్లిదండ్రులకైతే పండగే. మా వాళ్లకొక అలవాటుంది. ఆదివారం పొద్దున ఊళ్లో ఉన్న అన్నకో బావకో వీడియో కాల్ చేసి, మీ పిల్ల ఏ పాఠం దాకా వచ్చింది, మా పిల్ల ఏ పాఠం దాకా వచ్చింది అని పోల్చుకుంటారు. అంతకుముందు ఎప్పుడూ పోలిక కుదిరేది కాదు. ఆ ఏడు కుదిరింది. సోమవారం గేటు దగ్గర ఆపి మరీ చెప్పేవాళ్లు.

"టీచరమ్మా, ఊర్ల మా అన్న బిడ్డ గూడ గదే లెక్క జేస్తుంది. మనోళ్లే జర ముందున్నరు!"

నాకు ఒళ్లు పొంగేది. ఊరి పిల్లలతో సమానంగా నడుస్తున్నామా అని చూసుకున్నామే తప్ప, రేపు పరీక్ష పెట్టేది ఊరివాళ్లు కాదు కదా అన్న ఆలోచన నాతో సహా ఒక్కరికీ రాలేదు.

సెప్టెంబరులో కట్ట వచ్చింది. హెడ్మాస్టరు "మీ ఎనిమిదో తరగతి పుస్తకాలు వచ్చినయమ్మా, చూసుకోండి" అని బీరువా వైపు చెయ్యి చూపించాడు. చూశాను. గోధుమరంగు కాగితం, దాని మీద జనపతాడు రెండు వరసలు. ఏడాది మధ్యలో పుస్తకం మారిస్తే పిల్లలు గందరగోళపడతారు, అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకున్నాను. బీరువా తలుపు వేశాను. ఆ తలుపు వేసిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

అర్ధ సంవత్సరం పరీక్ష దీపావళి సెలవుల ముందు జరిగింది. ప్రశ్నలు నేనే రాశాను. ఫొటోకాపీల్లోని లెక్కలే, అంకెలు మార్చి. నేనే దిద్దాను. మార్కులు దండిగా వచ్చాయి. ముందు బెంచీలో ఒక పొడుగు పిల్ల, ఆమె పక్కన ఊరికే నవ్వే పిల్ల ఒకర్తి కూర్చునేవాళ్లు. ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. పొడుగు పిల్లకు యాభైకి నలభై ఆరు, నవ్వుల పిల్లకు నలభై ఒకటి. హెడ్మాస్టరు మీటింగులో నా పేరెత్తి మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో బీరువాలో కట్ట సంగతి మరిచిపోయాను.

పొడుగు పిల్ల తండ్రి సూరత్ బయట జోల్వాలో సాంచా నడుపుతాడు. వారమంతా అక్కడే, సెలవు రోజున మాత్రం ఇంటికి వస్తాడు. ఆయన ఆ మార్కుల కాగితం చూసి, తిన్నగా బడికి వచ్చాడు. చదువు రాదు, అంకెలు గుర్తుపడతాడు.

"టీచరమ్మా, మా సేటు జోల్వాల అర్ర ఇస్తనంటుండు. ఇంటిల్లిపాది అక్కడికే పోదమని మా ఆలోచన. ఆడ మన తెలుగు బడి లేదు గద, పోరిని తల్లితోని రాళ్లు అంటిచ్చే పనిల వెడ్దమనుకున్న. గని గీ మార్కులు జూసినంక మనసొప్పుతలేదు. హైస్కూల్ల సీటొస్తే ఈడనే ఉంటం, చదువుతది. రాకుంటే ఎండకాలం పోతం. వస్తదా?"

"వస్తుందన్నా, ఎందుకు రాదు?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు స్టాఫ్‌రూమ్ బల్ల మీద నాలుగు కాగితాలు పెట్టి వెళ్లాడు. హైస్కూలు వాళ్లు పంపిన నమూనా ప్రశ్నాపత్రం. "మన పిల్లలకు మంచినీళ్లు తాగినంత" అని నవ్వుతూ పోయాడు. నేను టీ తాగుతూ చదవడం మొదలుపెట్టాను.

మొదటి ప్రశ్న ఒక పటం. అయిదు నెలల్లో ఒక దుకాణంలో అమ్ముడైన బట్ట, నిలువు గీతల్లో. ఏ నెలలో తగ్గింది, ఎంత తగ్గింది, అలా ఎలా చెప్పగలవు? నేను ఆ పాఠానికి ఇంకా రాలేదు. నా పుస్తకంలో అది వెనక ఉంది. రెండోది చతుర్భుజాలు. అదీ వెనకే. మూడోది చెప్పిన పాఠమే, కానీ ఒక పిల్లవాడు లెక్క తప్పు చేశాడు, ఎక్కడ తప్పాడో రాయమని అడిగారు. అలాంటి ప్రశ్న నేను ఏడాదిలో ఒక్కసారి అడగలేదు. ఇరవై ప్రశ్నల్లో నేను చెప్పినవి ఏడు. ఆ ఏడింటిలో నాలుగు, ఎందుకు, ఎలా అని అడిగినవి.

టీ చల్లారిపోయింది. పక్కన కూర్చున్న టీచర్ ఏదో అడుగుతోంది, పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినిపించడం లేదు. లేచి బాత్రూముకు పోయి తలుపు గడియ పెట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఏడు మంది. ఆ అంకె తప్ప ఇంకేదీ తలకెక్కలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక బీరువా తెరిచాను. జనపతాడు ముడి పడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో రాలేదు. కంపాస్ మొనతో పొడిచి పొడిచి విప్పాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పాఠాల పేర్లు ఒకటే, వరస వేరు. నేను చివరికి దాచుకున్నవి వాళ్లు ముందే పెట్టారు. నేను రెండు నెలలు రుద్దింది వాళ్లు పది పేజీల్లో ముగించారు. వెనక పేజీల్లో ఏ నెలలో ఏ పాఠం అని ప్రణాళిక కూడా ఉంది. నేను జూన్ నుంచి డిసెంబరు దాకా పిల్లలను మరో రాష్ట్రం పరీక్షకు తయారు చేశాను. ఆ పరీక్ష వాళ్లు ఎప్పటికీ రాయరు.

ఆ తర్వాత రెండు వారాలు నేను ఎలా బతికానో చెప్పాలంటే సిగ్గు. హెడ్మాస్టరు చెప్పుల చప్పుడు వినిపిస్తే చాక్‌పీసు జారిపోయేది. ఫోన్ మోగితే పొడుగు పిల్ల తండ్రేమో అని తీసేదాన్ని కాదు. అయినా తెల్లారి క్లాసుకు పోయి అదే పాత పుస్తకం తీసి, అదే పాఠం, అదే గొంతుతో చెప్పాను. మార్చితే ఎందుకు మార్చారని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే వేసవిలో నా కాగితం మీద సంతకం పడదు. అంతే. నా భయం మొదట నా కోసమే. పిల్లల కోసం అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అబద్ధం.

చివరికి చెప్పింది బాపుకు. సాంచాల మోతకు ఆయన చెవులు సగం పోయాయి. ఆదివారం పొద్దున చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని మెల్లిగా మొదలుపెట్టాను.

"ఆఁ?" అన్నాడు.

కొంచెం గట్టిగా చెప్పాను.

"ఏందే, జర గట్టిగ జెప్పు!"

మా వరసలో గోడకు గోడ ఆనుకుని పదిళ్లు. మా క్లాసు పిల్లలే ముగ్గురున్నారు. తలుపు వేసి, కిటికీ మూసి, నా గుట్టంతా బాపు చెవిలో అరిచి చెప్పాను. నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి నాది. ఆయన చిక్కుడుకాయ పక్కన పెట్టాడు.

"సాంచాకు కొత్త డిజైన్ అట్టలు ఎక్కిచ్చినంక ఎంత నేస్తం బిడ్డా?"

"జానెడు."

"నేసి?"

"సాంచా ఆపుతరు. నమూనా గుడ్డ పక్కన పెట్టి చూస్తరు."

"ఎవలు జూస్తరు?"

ఆ మాట దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు డబ్బా ఇవ్వడానికి ఖటోదరాకు వెళ్లినప్పుడు ఎన్నోసార్లు చూశాను. డిజైన్‌కు చిల్లులు పొడిచిన కొత్త అట్టలు ఎక్కించి జానెడు నేశాక బాపు సాంచా ఆపి, పక్క సాంచా ఆయన్ని కేకేసేవాడు. ఆయన వచ్చి, నమూనా గుడ్డ ఆనించి, వంగి చూసి, ఊఁ అంటేనే మళ్లీ మొదలయ్యేది. బాపు ఎప్పుడూ తన జానెడు తనే చూసుకోలేదు.

"నేసినోడే జూస్కుంటే అంత మంచిగనే కనవడ్తది" అన్నాడు బాపు. "అట్ట తప్పు ఎక్కినా, పువ్వు పువ్వు లెక్కనే ఉంటది. నమూనా మీదున్న పువ్వేనా కాదా అన్నది పక్కోడు జెప్పాలె. నువ్వు ఎవల్కి జూపిచ్చినవ్?"

"నేనే చూసుకున్న బాపూ."

ఆయన చిక్కుడుకాయ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మా బడి పై అంతస్తులో హిందీ సెక్షన్ ఉంది. అక్కడ ఇదే రాష్ట్రం లెక్కలు చెప్పే గుజరాతీ ఆవిడను అందరం బెన్, అంటే అక్క, అనే పిలుస్తాం. సోమవారం ఆమె దగ్గరికి పోయి హిందీలో బతిమాలాను. ప్రతి శనివారం నా పిల్లలకు పది ప్రశ్నలు రాసిపెట్టాలి. రాష్ట్రం ప్రణాళిక ప్రకారం, ఆ హైస్కూలు పత్రం తీరులో. కవరు అంటించి ఇవ్వాలి. నేను క్లాసులోనే విప్పి, అప్పటికప్పుడు బోర్డు మీద తెలుగులో రాస్తాను.

"నువ్వే రాసుకోవచ్చుగా?" అంది.

"డర్ లగ్తా హై, బెన్" అన్నాను, భయమేస్తోందని. నిజం అంతకంటే పొట్టిగా చెప్పలేకపోయాను. ఆమె సరేనంది.

మొదటి కవరు సంక్రాంతి పతంగుల పండగ అయిపోయాక శనివారం వచ్చింది. మాంజా దారం కోసుకుని సగం మంది వేళ్లకు కట్లున్నాయి. బోర్డు మీద ప్రశ్నలు రాస్తుంటే నా చేతి రాత నాకే వంకరగా కనిపించింది. ఎప్పుడూ అందరికంటే ముందు పేపరిచ్చే పొడుగు పిల్ల పెన్సిలు కొరుకుతూ కూర్చుంది. ఇరవైకి ఆమెకు మూడు, నవ్వుల పిల్లకు రెండు. క్లాసులో అందరికంటే ఎక్కువ వచ్చినవాడికి ఏడు.

ఆ పేపర్లు ఇంటికి పంపకుండా ఉండాల్సింది. పంపాను. సోమవారం పొడుగు పిల్ల తండ్రి పని మానుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో ఆయన, పిల్ల, నేను. ఆ మూడు మార్కుల కాగితం ఆయన చేతిలో మడతపడి ఉంది.

"సార్, టీచరమ్మ మంచిగనే జెప్తది, నాకు దెల్సు. మా పోరికే బుర్రకెక్కుతలేదు. ఉన్నకొద్ది పైసలు, ఉన్నకొద్ది దినాలు ఎందుకు ఖరాబు జేసుడు? మేం జోల్వా పోతం."

హెడ్మాస్టరు పిల్ల వైపు చూశాడు. "ఏమ్మా?"

"నాకు రాదు సార్" అంది. తల ఎత్తలేదు. ఆ పిల్ల నోట ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"ఏమంటారు టీచర్?" అని హెడ్మాస్టరు నన్ను అడిగాడు.

చెప్పు, చెప్పు అని లోపల కొట్టుకుంటోంది. బల్ల మీద హెడ్మాస్టరు పెన్ను, దాని టోపీ, ఆ పెన్నుతోనే పెట్టాల్సిన సంతకం కనిపించాయి.

"కొంచెం కష్టపడాలి సార్, పిల్ల" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా చెంపలు మండుతున్నాయి.

మర్నాడు పొడుగు పిల్ల రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నవ్వుల పిల్లను అడిగితే, "వాళ్లు సామాను గడ్తున్నరు టీచర్. నేను పోయి జూసిన. బేజారుగ లేదు టీచర్ అది, నవ్వుతుంది. గీ లెక్కల లొల్లి పోయిందే అన్నది" అంది. నాకు ఆ నవ్వు సంగతి విన్నాకే అసలు భయం పట్టుకుంది. నా కొలువు గురించి కాదు. ఒక పిల్ల తనకు రాదని ఒప్పేసుకుని హాయిగా నవ్వుతోంది. అందులో ఒక్క ముక్క నిజం లేదు, ఆ సంగతి లోకంలో నాకూ బాపుకూ మాత్రమే తెలుసు.

పొడుగు పిల్ల తండ్రి సెలవు రోజు చూసుకుని వాళ్లింటికి వెళ్లాను. సందు మొదట్లో రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఒకసారి ఏకంగా ఆటో కూడా పిలిచాను. ఎలాగో గుమ్మం దాకా చేరితే, లోపల చాపలో చుట్టిన సామాన్లు తాళ్లతో బిగించి ఉన్నాయి. గిన్నెల మూట వాకిట్లోకి వచ్చేసింది. తల్లి చీరను చెక్క మీద పరిచి రాళ్లు అంటిస్తోంది, పొడుగు పిల్ల పక్కన కూర్చుని అందిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

ఆయన కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం చాలదు.

"అన్నా, తప్పు పిల్లది కాదు. నాది. నేను వేరే పుస్తకం చెప్పిన. మనూరి పుస్తకం. ఈడ పరీక్ష ఇంకో పుస్తకంలకెళ్లి వస్తది. ఆ పుస్తకాలు సెప్టెంబర్లనే వచ్చినయి, నేను కట్ట విప్పలే. మీ బిడ్డకు రాక కాదు, నేను చెప్పక."

క్లాసులో ఎంత శుద్ధంగా మాట్లాడినా, భయం పుడితే నా నోట మా ఇంటి మాటే వస్తుంది.

ఆయన లేచి గోడ దగ్గరికి పోయాడు. దేవుడి పటాలు సర్దేశారు గానీ, వాటి పక్కన మేకుకు తగిలించింది ఒకటి అలాగే ఉంది. దాన్ని తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. అర్ధ సంవత్సరం పేపరు. ప్లాస్టిక్ అతికించి, చుట్టూ అంచు కట్టించాడు. ఎర్ర సిరాతో నేను వేసిన నలభై ఆరు.

"మరి గిది అబద్ధమా?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"అబద్ధం కాదన్నా. ఆమె నేర్చుకున్నది నిజమే. నేనే అడగాల్సింది అడగలే. నేను చెప్పింది నేనే అడిగి, మురిసిపోయిన."

ఆయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "మా తాన అట్టలు తప్పు ఎక్కిచ్చింది సాంచాల మాస్టరే అని అందరికి ఎర్కున్నా, గుడ్డ తాకా ఖరాబు జేసినవ్ అని మమ్ములనే అంటరు టీచరమ్మా. ఇరవై ఏండ్లల్ల ఒక్క మాస్టర్ ఇంటికొచ్చి నాది తప్పని అనలే." తర్వాత భార్య వైపు తిరిగాడు. "గా మూట విప్పు."

ఆవిడ చేతికున్న గమ్ము కొంగుకు తుడుచుకుని, గిన్నెల మూట తాడు విప్పడం మొదలుపెట్టింది.

వస్తూ వస్తూ గుమ్మంలో ఆగి, "అన్నా, ఈ మాట హెడ్మాస్టరుకు..." అన్నాను. "నేనెందుకు జెప్తా" అన్నాడు. నాకు బరువు దిగింది. దిగినందుకు సిగ్గేసింది. రెండూ ఒకేసారి.

పరీక్షకు ఇంకా నలభై ఎనిమిది రోజులున్నాయి. హెడ్మాస్టరుకు సిలబస్ మిగిలిపోయింది, అదనపు క్లాసులు తీసుకుంటానని సగం నిజం చెప్పాను. రాష్ట్రం పుస్తకాలు పంచాను. ప్రణాళిక గోడకు అంటించి, చెప్పిన పాఠానికి ఒక గీత, బెన్ కవరులో సగం మందికి పైగా సరిగ్గా రాసిన పాఠానికి రెండో గీత పెట్టాను. రెండో గీత పడనిది సోమవారం మళ్లీ చెప్పాను, వేరేలా చెప్పాను. లెక్క చేయించడం తగ్గించి, తప్పు లెక్క బోర్డు మీద వేసి ఎక్కడ తప్పానో పట్టుకోమన్నాను. టీచర్ తప్పును పట్టుకోవడం అంటే పిల్లలకు భలే సరదా. నేను ఆ నవ్వుల మధ్య నిలబడి, వీళ్లకు అసలు తప్పు తెలిస్తే ఏమంటారో అనుకునేదాన్ని. ప్రతి శనివారం ఆ కవరు చింపేటప్పుడు పిల్లల కంటే నాకే ఎక్కువ చెమట పట్టేది. పొడుగు పిల్లకు మూడు, ఆరు, మళ్లీ అయిదు, తొమ్మిది, పన్నెండు.

పరీక్ష హోలీ అయిపోయాక వచ్చిన ఆదివారం జరిగింది. పిల్లల చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. ఫలితాలు వచ్చిన రోజు హైస్కూలు గోడ మీద కాగితాన్ని చూడలేక బాపును పంపి, నేను రోడ్డు అవతల నిలబడ్డాను. ఇరవై ఏడు మందిలో పద్దెనిమిది మందికి సీటు వచ్చింది. పొడుగు పిల్లకు వచ్చింది. వాళ్ల నాయిన జోల్వా నుంచి వచ్చి బడి మొత్తానికీ పేడా మిఠాయి పంచాడు. హెడ్మాస్టరు అదనపు క్లాసులు తీసుకున్నందుకు నన్ను మెచ్చుకుని, నా కాగితం మీద సంతకం పెట్టాడు.

తొమ్మిది మందికి రాలేదు. నవ్వుల పిల్లకు రెండు మార్కుల్లో పోయింది. ఆ తొమ్మిది ఇళ్లకు నేను వెళ్లలేదు. వెళ్లాలనుకున్నాను. ఎండలన్నాను, పెళ్లిళ్లన్నాను, జూన్ వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఏడాదీ మొదటి పాఠం అవ్వగానే బెన్ రాసిన పత్రంతోనే పరీక్ష పెడుతున్నాను, కట్ట వచ్చిన గంటలో విప్పుతున్నాను. ఆ పని బాగానే చేస్తున్నాను. ఆ ఇళ్లకు మాత్రం పోలేదు.

మొన్న శనివారం చీర కొందామని సలాబత్‌పురా బట్టల బజారుకు వెళ్లాను. ఎవరో వెనక నుంచి "టీచర్!" అన్నారు. నవ్వుల పిల్ల. భుజం మీద చీరల మూట. బాగా ఎదిగింది, నవ్వు మాత్రం అదే. రాళ్లు అంటించిన చీరలు దుకాణంలో అప్పజెప్పి, కొత్తవి తీసుకుపోతోందట.

"మా దోస్తు పన్నెండుకు వచ్చింది టీచర్, ఎర్కేనా? సైన్సు! నాకెక్కడియి గా చదువులు. నాకు మొదటిసంది లెక్కలు రావు గద."

"మొదటి నుంచి కాదు. అర్ధ సంవత్సరం పరీక్షలో నీకు నలభై ఒకటి వచ్చాయి" అన్నాను.

కాసేపు గుర్తు చేసుకుంది. "గవా? గవి మీరు మంచోళ్లు గాబట్టి ఏసిండ్రు టీచర్."

అక్కడే, చీరల బండ్ల మధ్య, మొత్తం చెప్పాను. పుస్తకం, కట్ట, బీరువా. తప్పు నాదని, నీకు రాకపోవడం కాదని. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆమె మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, పెద్దవాళ్లు చాదస్తం మాట్లాడితే విన్నట్టు విని, నవ్వింది.

"ఊకోండ్రి టీచర్. గిప్పుడెందుకు గదంత? మా అమ్మ జూస్తుంటది, పోత."

వెళ్లిపోతోంది. పిలిచాను. బండ్ల హారన్లు, బేరాలు, వినపడలేదు. బాపు చెవిలో అరిచినట్టు అరిచాను, నీ తప్పు కాదే అని. ఇద్దరు ముగ్గురు దుకాణాల వాళ్లు నా వైపు తిరిగి చూశారు. ఆమె తిరగలేదు.

ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి. ఇంటికొచ్చి బడి పాత రిజిస్టరులోంచి చిరునామాలు రాసుకున్నాను. మొదటిది మా వరస చివర్లోనే, నాలుగిళ్ల అవతల. రేపు పొద్దున వెళ్లాలి. నాకు చాలా భయంగా ఉంది.